మాజీ సైనికుల అంత్యకాల సంరక్షణ: పుట్టపర్తి ప్రాంత నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
యుద్ధంలో మరణించిన వీరుణ్ణి స్మరించే సంప్రదాయం పుట్టపర్తి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో ప్రాచీనమైనది. కొలువు ముగించుకొని వచ్చి, ఏళ్ల తరువాత మంచంపట్టి మరణించే సైనికుని పట్ల రాజ్యం, సమాజం ఎలా వ్యవహరించాయన్నది మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఆ చరిత్రను స్థూలంగా పరిశీలించి, మాజీ సైనికులకు ఉపశమన సంరక్షణ అందించదలచినవారి బాధ్యతలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వీరగల్లు, మాజీ సైనికులు, పింఛను, ఉపశమన సంరక్షణ, శ్రీ సత్యసాయి జిల్లా.

1. ఉపోద్ఘాతం:
శ్రీ సత్యసాయి జిల్లాలోని హేమావతి ఒకప్పటి హెంజేరు, నొళంబుల రాజధాని. నొళంబులు ఏలిన సీమలో వీరగల్లులు విరివిగా కనిపిస్తాయి. పశువుల మందను కాపాడుతూనో, శత్రువుతో పోరాడుతూనో నేలకొరిగిన వీరుడు, అతణ్ణి స్వర్గానికి తోడ్కొనిపోయే అప్సరసలు ఇలాంటి శిలలపై తరచుగా కనిపించే శిల్పాలు. వీరుని కుటుంబానికి ఇచ్చిన భూమిని కన్నడ శాసనాలు ‘నెత్తరుగొడగె’ అన్నాయి. నెత్తురు చిందించినందుకు ఇచ్చిన మాన్యమని దాని భావం. వీరగల్లు రణమరణానికి చిహ్నం. గాయంతో బతికి, ముసలితనంలో ఇంట్లో కన్నుమూసినవానికి అందులో చోటు లేదు. నేటి సమస్యకు మూలం ఈ స్మృతి స్వభావంలోనే కొంత కనిపిస్తుంది.

2. రాజ్యం - సైనికుడు:
1565 తరువాత విజయనగర పాలకులకు పెనుకొండ రాజధాని అయింది. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. అంతకుముందే కంపెనీ సైన్యంలో తెలుగువారు చేరారు. ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు స్థిరపడడమే ఇందుకు నిదర్శనం. ఐరోపాలో వృద్ధ సైనికులకు నీడనిచ్చే భవనాలు అప్పటికే ఉన్నాయి. పారిస్‌లో లెజ్ ఇన్వలీద్ 1670లోను, లండన్‌లో చెల్సీ రాయల్ ఆసుపత్రి 1682లోను స్థాపించబడ్డాయి. సిపాయికి కంపెనీ ప్రధానంగా ఇచ్చినది పింఛను. దానితో అతడు సొంత ఊరు చేరితే, చివరి రోజుల భారం ఇంటి ఆడవారిపై పడేది.

1881-85 మధ్య మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ వంటివారు దక్షిణాది సిపాయిలను చిన్నచూపు చూశారు. ‘యుద్ధజాతులు’ అన్న సిద్ధాంతం బలపడి తెలుగువారి నియామకాలు తగ్గాయి. 1895లో ప్రెసిడెన్సీ సైన్యాలు రద్దయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధం సైనిక సంక్షేమాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. వికలాంగ సైనికుల కోసం 1917లో క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్, 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడ్డాయి. నేటి కేంద్రీయ సైనిక్ బోర్డుకు ఆ బోర్డే మూలం. వెన్నెముక దెబ్బతిన్న జవాన్ల కోసం 1974లో పుణె సమీపాన కిర్కీలో పునరావాస కేంద్రం, పింఛనుదారుల వైద్యం కోసం 2003లో ఇ.సి.హెచ్.ఎస్. పథకం వచ్చాయి. ఈ క్రమంలో భృతి, పునరావాసం, చికిత్స ఒకదాని తరువాత ఒకటి సమకూరాయి. చికిత్స ఫలించని దశ మాత్రం చాలాకాలం ప్రణాళికల వెలుపలే ఉండిపోయింది.

3. ఉపశమన సంరక్షణ:
1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను నెలకొల్పిన సిసిలీ సాండర్స్ రోగి నొప్పిని శారీరకం, మానసికం, సామాజికం, ఆధ్యాత్మికం అని నాలుగు ముఖాలుగా చూశారు. భారతదేశంలో 1986లో ముంబయిలో శాంతి ఆవేదనా సదన్, 1993లో కోళికోడ్‌లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ప్రారంభమయ్యాయి. 2008లో కేరళ ప్రభుత్వం ఇందుకు ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ ఆసుపత్రులకు అందడం కష్టమైంది. 2014 సవరణ ఆ చిక్కును సడలించింది. సైనికులకు ప్రత్యేకించిన దృష్టి అమెరికాలో 2010లో ‘వియ్ ఆనర్ వెటరన్స్’ కార్యక్రమంతో విస్తరించింది. సైన్యంలో గడిపిన కాలం మరణశయ్యపై మళ్లీ తలెత్తుతుందన్న గుర్తింపు దీనికి పునాది.

4. స్థానిక సందర్భం:
పుట్టపర్తిలో 1991 నవంబరు 22న ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ గుండె శస్త్రచికిత్స వంటి ఖరీదైన వైద్యాన్ని ఉచితంగా అందించింది. ధర్మవరం సమీపంలోని బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి 2000 నుండి పనిచేస్తోంది. నయం చేసే వైద్యానికి ఈ సీమలో ఇంత బలమైన పునాది ఉంది. దానికి ఇంటి గడప దాకా సాగే సంరక్షణ తోడవాలి.

ఈ పనికి పూనుకొనేవారికి మొదట కావలసినవి రెండు: నొప్పి నివారణలో శిక్షణ పొందిన వైద్యుడు, మార్ఫిన్ నిల్వకు గుర్తింపు పొందిన వైద్యసంస్థ హోదా. ఇళ్లకు వెళ్లే నర్సు, ఊరివారిలో నుండి వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలు ఆ తరువాతి అవసరం. మాజీ సైనికుల విషయంలో మరికొన్ని జాగ్రత్తలు తప్పవు. నొప్పిని ఓర్చుకోవడమే శౌర్యమని నేర్చుకొన్నవాడు ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగానే ఉంది’ అంటాడు. కాబట్టి నిద్ర, ఆకలి, కదలిక ద్వారా బాధను అంచనా వేయాలి. రాత్రివేళ కలవరింతలను కేవలం మతిభ్రమగా కొట్టిపారేయరాదు. రోగి స్పృహలో ఉండగానే డిశ్చార్జి బుక్కులో, పింఛను పత్రాల్లో భార్య పేరు సరిచూడాలి. అక్కడి చిన్న తేడా ఆమె కుటుంబ పింఛనును ఆలస్యం చేయగలదు. ఇందులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సహకారం కీలకం.

5. ముగింపు:
2025 మేలో జమ్మూకాశ్మీరు సరిహద్దున ప్రాణాలర్పించిన మురళీ నాయక్‌కు గోరంట్ల మండలం కల్లితండాలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. వీరగల్లు నాటిన సంప్రదాయం నేటికీ సజీవంగా ఉందనడానికి ఇది సాక్ష్యం. అతడు అగ్నివీరుడు. ఆ పథకంలో చేరి, నాలుగేళ్ల తరువాత సైన్యంలో కొనసాగింపు దొరకనివారికి పింఛను గాని, ఇ.సి.హెచ్.ఎస్. గాని నిబంధనల్లో లేవు. వారు వృద్ధులయ్యేనాటికి మంచం పక్కన ఎవరుంటారన్న ప్రశ్న ఇప్పుడే వేసుకోవలసినది. పోరులో పడిపోయినవానికి శిలనిచ్చిన సీమ, పోరు నుండి తిరిగివచ్చి మంచంపట్టినవానికి నొప్పిలేని రాత్రిని కూడా ఇవ్వగలగాలి.