ఉద్దానం కొబ్బరినీళ్ళు

ఉద్దానమనే మాట ఉద్యానమనే సంస్కృత పదం నుండి పుట్టిందని మా సిక్కోలు పెద్దలు చెబుతారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి, పనస తోటలను చూచినవారికి ఆ వ్యుత్పత్తి యుక్తమనే తోస్తుంది.

చక్కెర తక్కువగా ఉన్న పానీయమేదని మిత్రులడిగితే నేను లేత కొబ్బరినీళ్ళనే చెబుతాను. సీసా పానీయాలలో నూరు మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటే, వీటిలో ఉండేది 3, 4 గ్రాములే. పులియని తాటి నీరా కూడా చెట్టు ఇచ్చినదే. కాని తీపిలో అది సీసా పానీయానికి తీసిపోదు.

అయితే కొబ్బరినీటిలో పొటాషియం మిక్కుటం. మూత్రపిండాలు చెడినవారి రక్తంలో అది పేరుకొని గుండె లయ తప్పిస్తుంది. ఆ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తున్నది ఈ ఉద్దానాన్నే! దాని మూలకారణం ఇంకా తేలలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

తోట పేరే ఊరి పేరైన సీమలో, తన చెట్టు కాయనీరు తాను తాగరాని రైతులున్నారు. ఇంటికి వచ్చినవారికి బొండం కొట్టి ఇవ్వడం మా వైపు మర్యాద. వారి మూత్రపిండాల సంగతి ముందుగా అడిగి ఇవ్వడం అంతకన్న పెద్ద మర్యాద.