సుగ్గి నెలలు, చూలు నెలలు

కర్నూలు జిల్లాలో ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి వైపు కడుపుతో ఉన్న ఆడమనిషికి ఈ నూటయాభై ఏళ్లలో అందిన వైద్యం గురించి చెప్పేవాళ్లు సాధారణంగా కాన్పు దగ్గర మొదలుపెడతారు. మంత్రసాని చేతిలోని పని నర్సమ్మ చేతికి ఎలా వచ్చింది, ఇంటి మూలనున్న నులకమంచం ఆసుపత్రి మంచంగా ఎప్పుడు మారింది, ఎంతమంది తల్లులు బతికి బయటపడ్డారు, ఇదీ వరస. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అది ఒక్క రోజు కథ. దానికి ముందున్న తొమ్మిది నెలల కథ వేరే ఉంది. ఆ నెలలను నడిపింది వైద్యం కంటే ఎక్కువగా వాన, కూలి, ఇంట్లో మిగిలిన జొన్నలు. సర్కారు వైద్యం కాన్పు మంచం దాకా వచ్చింది, ఆలస్యంగానైనా గట్టిగానే వచ్చింది. ఆ నెలల్లోకి మాత్రం సగమే అడుగుపెట్టింది. ఈ సీమ చరిత్రలో నాకు కనిపించే అసలు విషయం ఇదే.

పాతకాలంలో గర్భిణికి సేవే లేదనడం తప్పు. ఆయుర్వేదంలో నెలనెలకూ పథ్యం ఉంది, చరకుడి కాలం నుంచీ ఉంది: ఒక నెల పాలు, ఒక నెల వెన్న, మరొక నెల నెయ్యి. జొన్నరొట్టెకు కారమే తోడైన ఇంట్లో ఆ పథ్యం చదివి వినిపించినా పెట్టేవాళ్లెవరు? మామూలు ఇళ్లలో నిజంగా పనిచేసిన ఆచారం ఇంకొకటి: తొలిచూలుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఒడి నింపి పుట్టింటికి తీసుకుపోవడం. సీమంతం పాటలూ గాజులూ పక్కన పెట్టి చూస్తే, ఆ తంతు చేసిన మేలు ఒక్కటే, అత్తింటి చాకిరీ నుంచి కొన్ని వారాలు తప్పించడం. వైద్యం దృష్టితో చూస్తే అది చిన్న మేలేమీ కాదు. అయితే అది తొలిచూలుకే ఎక్కువగా దక్కేది. మూడో కాన్పుకు పుట్టింటి బండి రాదు. పైగా ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుందన్న భయం ఆ పుట్టింట్లోనూ ఉండేది. కాన్పు సాగక తల్లి ప్రాణం పోవడం కళ్లారా చూసిన జనానికి ఆ భయం రావడంలో వింత లేదు గాని, దాని ఫలితం తల్లి రక్తంలో కనిపించేది.

మంత్రసాని గురించి కూడా ఒక మాట చెప్పాలి. కన్నడం మాట్లాడే ఇళ్లలో ఆమెను సూలగిత్తి అంటారు. సరిహద్దుకు అవతల పావగడ వైపు 15 వేలకు పైగా కాన్పులు చేసిన సూలగిత్తి నరసమ్మకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి చేతుల నైపుణ్యాన్ని తక్కువ చేయనక్కర లేదు. కాకపోతే మంత్రసానిని పిలిచేది నొప్పులు మొదలయ్యాకే. గర్భిణికి ఫిట్స్ వచ్చే జబ్బుకు తెలుగులో గుర్రపువాతం అన్న పేరుంది, అంటే జనం దాన్ని చూశారు, గుర్తుపెట్టుకున్నారు. కానీ దానికి వారాల ముందే రక్తపోటు పెరుగుతుందనీ, మూత్రంలో ఆల్బుమిన్ పోతుందనీ చెప్పడానికి కళ్లు చాలవు, పరికరం కావాలి. కాళ్లకు నీరు పడితే నెలలు నిండుతున్నాయి కదా అనుకునేవారు. ముందుగా పరీక్ష చేయడమన్నది మంత్రసాని మరిచిపోయిన పని కాదు, ఆ రోజుల్లో ఆ పనే లేదు.

ఆ నెలల్ని ఏది శాసించిందో 1876-78 కరువు నగ్నంగా చూపించింది. అప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు బళ్లారి జిల్లాలో ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు దెబ్బ ఎక్కువగా తిన్న జిల్లాల్లో బళ్లారి, కర్నూలు ముందుంటాయి. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. చచ్చిపోయినవాళ్ల గురించి చాలామంది రాశారు. పుట్టనివాళ్ల గురించి తక్కువ మంది పట్టించుకున్నారు. ప్రెసిడెన్సీ అంతటా ఆ ఏళ్లలో జననాలు కూలిపోయాయి. తిండి లేని ఒంట్లో గర్భం నిలవదు, నిలిచినా నెలలు నిండవు. ఈ నేల మీద గర్భిణి ఆరోగ్యం గురించి సర్కారు కాగితాల్లో మిగిలిన తొలి పెద్ద సాక్ష్యం ఏ ఆసుపత్రి చిట్టాలోనూ లేదు, పుట్టని బిడ్డల లెక్కలో ఉంది.

అదే కాలంలో వైద్యం ఎక్కడుంది? మద్రాసులో 1844లోనే పురిటి ఆసుపత్రి పెట్టారు, 1882లో అది ఎగ్మూరులోని ఇప్పటి చోటికి మారింది. 1885లో ఆడవాళ్ల వైద్యం కోసం డఫరిన్ నిధి వచ్చింది. ఇవన్నీ ఎక్కువగా కాన్పుల కోసం, అదీ పట్నాల్లో. బిడ్డ పుట్టకముందే తల్లిని వరసగా చూడాలన్న ఆలోచన పాశ్చాత్య వైద్యానికి కూడా కొత్తదే: 1901లో ఎడిన్‌బరోలో బాలంటైన్ అనే వైద్యుడు దాని కోసం వాదించాడు, 1929లో బ్రిటన్ ఆరోగ్య శాఖ ఎన్నో వారంలో చూడాలో పట్టిక వేసింది. మన దగ్గర ఆ పట్టికను డాక్టర్లకు నేర్పిన పెద్దల్లో ఒకరు కర్నూలులోనే పుట్టారు. 1887లో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ ఎగ్మూరు ఆసుపత్రిని నడిపారు, తోటి వైద్యుడు మీనన్‌తో కలిసి ప్రసూతి వైద్యానికి పాఠ్యగ్రంథం రాశారు, తరతరాల వైద్య విద్యార్థులు దాన్నే చదివారు. ఆయన పుట్టిన జిల్లా పల్లెలకు ఆ పాఠం చేరడానికి మాత్రం ఇంకో రెండు తరాలు పట్టింది. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం తల్లీబిడ్డల సంక్షేమాన్ని స్థానిక సంస్థల బాధ్యత చేసింది. చట్టం మంచిదే, అమలు చేసే చేతులే లేవు. 1946లో దేశ ఆరోగ్య స్థితిని పరిశీలించిన భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో ప్రతి వెయ్యి కాన్పులకు ఇరవైమంది తల్లులు చనిపోతున్నారు, ఏడాదికి రెండు లక్షల మంది.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టాలి, ఎందుకంటే ఈ కథలో అన్నిటికంటే విలువైన మందు ఆ దారిలోనే దొరికింది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల కూలి ఆడవాళ్లకు గర్భంలో వచ్చే రక్తహీనతను పరిశోధించింది. అది క్రిమి వల్ల వచ్చింది కాదనీ, తిండిలో లోపించినదేదో ఈస్టు సారంలో ఉందనీ 1931లో తేల్చింది. ఆ లోపించినదే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలో లెడర్లీ కంపెనీ బృందం, దానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈరోజు ఆశా కార్యకర్త సంచిలో ఉండే మాత్రలో సగం ఆ పరిశోధన ఫలమే. మిగతా సగం ఇనుము. 1970 నుంచి ఆ మాత్ర జాతీయ కార్యక్రమంలో ఉంది. మందు కనిపెట్టింది కూలి ఆడవాళ్ల రక్తాన్ని చూసి, కనిపెట్టినవాళ్లలో ఒకరు మనవారు, ధర దాదాపు శూన్యం. అయినా పత్తి చేలో కూలి చేసే ఆడవాళ్ల రక్తం ఇప్పటికీ పలచగా ఎందుకుంది?

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారిని వదిలి కర్నూలులో కలిశాయి. 1957లో కర్నూలు వైద్య కళాశాల మొదలైంది, ఆదోని నుంచి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి, ఊళ్లకు నర్సమ్మలు వచ్చారు. అప్పుడు జరిగిన పొరపాటు చిన్నది కాదు. ప్రసూతి పని నేర్చుకుని వచ్చిన నర్సమ్మ నెత్తిన కుటుంబ నియంత్రణ లక్ష్యాలు పెట్టారు. ఆమె గుమ్మంలోకి వస్తే ఆపరేషన్ కేసు కోసమే అనుకునే రోజులు వచ్చాయి. దేశమంతటా ఆ లక్ష్యాలను ఎత్తేసింది 1996లో. కడుపుతో ఉన్న సంగతి ముందుగా చెప్పుకోవాల్సిన నర్సమ్మ దగ్గరే దాన్ని దాచుకోవాల్సి రావడం ఒక తరం ఆడవాళ్లకు నష్టం చేసింది.

2005 తర్వాత కాన్పు సంగతి మాత్రం నిజంగా మారింది. ఆ ఏడాదే 108 అంబులెన్సులు వచ్చాయి, జననీ సురక్ష పథకం వచ్చింది, ఆశాలు వచ్చారు. 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడింట ఒక కాన్పే ఆసుపత్రిలో జరిగేది. 2019-20 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 96 శాతం దాటింది. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో 195, 2018-20లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ అంకెలు చూపించి, ఇంకా ఫిర్యాదు దేనికని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. తల్లి ప్రాణం నిలవడం కంటే పెద్దది లేదు. కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది: రాష్ట్రంలో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత. రక్తం తక్కువైన తల్లిని కాన్పు గదిలో రక్తం ఎక్కించి బతికిస్తున్నాం. రక్తం తగ్గకుండా చూడాల్సిన నెలలు మన చేతిలో లేవని ఆ అంకె చెబుతోంది.

మాత్రలిస్తే ఆడవాళ్లు మింగరు, పెరట్లో పారేస్తారు అన్నది రెండో అభ్యంతరం. కొంత నిజమే. ఇనుము మాత్ర వికారం పుట్టిస్తుంది, మలబద్ధకం తెస్తుంది, కడుపులో కూడు తక్కువైనప్పుడు మరీ ఎక్కువ చేస్తుంది. అది మొండితనం కాదు, ఒంటి జవాబు. అంతకంటే పెద్ద కారణం ఈ సీమ క్యాలెండర్లో ఉంది. వాన తప్పిన ఏడు పంట ఇంటికి రాదు, దసరా దాటితే ఊళ్లు సుగ్గికి, అంటే కూలి వలసకు, కదులుతాయి, గుంటూరు వైపు పత్తికీ మిరపకీ, తెలంగాణ వైపు కూడా. ఉగాది వేళకు తిరిగొస్తాయి. నెలనెలా చూపించుకోవాల్సిన వైద్యం, నూట ఎనభై రోజులు మింగాల్సిన మాత్రలు, ప్రతి నెలా 9వ తేదీన జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలు, అన్నీ మనిషి ఊళ్లో ఉంటుందన్న లెక్క మీద కట్టినవి. ఆమె ఆ నాలుగైదు నెలలు ఇంకో జిల్లాలో డేరాలో ఉంటుంది. పత్తి కూలి కిలో లెక్కన, కాబట్టి పరీక్షకు పోయిన రోజు కూలి పోయిన రోజు. ఆ చేలో నడుముకు కట్టుకునే పత్తి సంచిని కూడా ఒడి అనే అంటారు. సీమంతంలో నింపిన ఒడి ఒకటి, చేలో రోజంతా నింపేది ఇంకొకటి. ప్రసూతి సెలవు చట్టం 1961లో వచ్చింది, 2017లో దాన్ని 26 వారాలకు పెంచారు. యజమాని పేరే లేని పత్తి కూలికి, ఇంట్లో మగ్గం దగ్గర కండెలు చుట్టే ఎమ్మిగనూరు ఆడమనిషికి ఆ వారాలు ఎవరివ్వాలి?

సుగ్గి వల్లే కదా ఇంట్లోకి బియ్యం, అప్పు తీర్చే డబ్బు వస్తున్నాయి, దాన్ని దోషిగా నిలబెట్టడం ఏమిటని మూడో మాట వినిపించవచ్చు. ఒప్పుకుంటాను. ఊళ్లో ఉండి పస్తులుండే గర్భిణి కంటే సుగ్గికి పోయి తినే గర్భిణి మేలే కావచ్చు. చిన్న వయసు పెళ్లిళ్లు, మేనరికాలు కూడా లెక్కలో ఉన్నాయి, తప్పంతా వలస మీద వేయడం కుదరదు. నేను తప్పు పడుతున్నది సుగ్గిని కాదు, సుగ్గి ఉందన్న సంగతే తెలియనట్టు కట్టిన ఏర్పాటును. 1877లో తిండితో మొదలుపెట్టాలని కరువు నేర్పిన పాఠాన్ని మంచంతో మొదలుపెట్టి చదివాం. ఇప్పుడు స్కానింగ్‌తో చదువుతున్నాం. 1994 చట్టం లింగ నిర్ధారణను నిషేధించాల్సి వచ్చిందంటే, ఆ యంత్రాన్ని మనవాళ్లు మొదట దేనికి వాడారో తెలుస్తూనే ఉంది. ఇప్పుడది సవ్యంగా వాడితే మేలే, బిడ్డ ఎదుగుదల, మావి ఉన్న చోటు చూపిస్తుంది. కానీ స్కానింగ్ చేయించాం కదా అని రక్తపోటు చూపించుకోకపోవడం ఈ తరం కొత్త పొరపాటు. 2019-20 సర్వే లెక్కన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు కోతతో జరిగిన కాలంలో, హిమోగ్లోబిన్ పరీక్షకు చుక్క రక్తం తీయలేమా?

పథకాలు వేసేవాళ్లకు చెప్పాల్సింది పెద్దదేమీ లేదు. ఈ పడమటి మండలాల్లో తొలి రక్తపరీక్ష, రక్తపోటు, మూత్ర పరీక్ష దసరాకు ముందే అయిపోవాలి. సుగ్గికి బయల్దేరే గర్భిణి చేతిలో ఉగాది దాకా సరిపడే మాత్రలు పెట్టాలి. ఆమె కార్డు మీద గుంటూరు వైపు ఏ ఊరికి పోతోందో రాసి, ఆ ఊరి ఆశాకు కబురు చేయాలి. బండ్లు కదిలే తేదీ ఊళ్లో అందరికీ తెలుసు. ఆరోగ్య కేంద్రం కూడా అడిగి తెలుసుకోవచ్చు.