స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు - చిత్రరచన - మూలదానము

కంప్యూటరుపై చిత్రములు వ్రాయుటకు నేడు వాడుకలో నున్న స్వేచ్ఛాసాధనముల ప్రస్తావము వచ్చినపుడెల్ల మనవారు వానిని 'ఉచిత' సాఫ్ట్‌వేరని చెప్పి ఊరకుందురు. ఈ మాటయే పెక్కు అపోహలకు కారణము. సంస్కృతమున ఉచితమనగా తగినది. తెలుగు వాడుకలో అది వెలలేనిదిగా స్థిరపడినది. ఆంగ్లమున 'ఫ్రీ' అను నొక్క శబ్దమే వెలలేమిని, స్వాతంత్ర్యమును గూడ తెలుపుటచే ఆ భాషవారు ఈ విషయమున నలువదియేండ్లుగా వివరణములు వ్రాసికొనుచున్నారు. మనకా చిక్కు లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. రెండు మాటలుండియు మనము తగనిదానినే ఏరుకొంటిమి.

చిత్రకారుడు తన చిత్రమును పదిమందికి చూపుట అనాదిగా నున్నదే. ఆ చిత్రమును నిర్మించిన విధమును, దాని పొరలను, గీతలను, రంగులను విడివిడిగా, ఇతరులు తెరచి మార్చుకొనుటకు వీలుగా నిచ్చుట క్రొత్తది. దీనిని మేము ఈ వ్యాసమున మూలదానమని వ్యవహరింతుము. ఇట్టి దానము ఎట్లు సాధ్యమైనదో, అందు సాధనముల స్వేచ్ఛకు గల పాత్ర ఎట్టిదో పరిశీలించుట మా ఉద్దేశము. ఏ సాధనము మేలైనదని తూచుట ఇచట మా పని కాదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమునకు ఆద్యుడు రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన 1983 సెప్టెంబరులో గ్ను ప్రణాళికను ప్రకటించెను. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను ఏర్పడినది. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు వెలువడినది. ప్రోగ్రామును ఎవరైనను ఏ పనికైనను వాడుకొనవచ్చును. సోర్సు కోడని వ్యవహరింపబడు దాని మూలరచనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. కాని మార్చి పంచువాడు తాను పొందిన హక్కులనే తనవద్ద పుచ్చుకొనువారికిని ఈయవలెను. ఆ లైసెన్సు సారమింతే. అందు ఉచితముగా నీయవలెనను నియమము లేదు. అమ్ముకొనుటకును అనుమతి కలదు.

చిత్రరచనకు సంబంధించినంతవరకు చరిత్ర 1995లో బెర్కిలీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ప్రారంభమగుచున్నది. స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అను నిరువురు విద్యార్థులు అచటి ఎక్స్‌పెరిమెంటల్ కంప్యూటింగ్ ఫెసిలిటీ అను విద్యార్థిసంఘమునకు చెందినవారు. వీరు గింప్ అను చిత్రసంస్కరణ సాధనమును రచించి 1996 జనవరిలో లోకమునకు విడుదల చేసిరి. ఆ సంఘము పేరు నేటికిని నిలిచియున్నది: గింపులో వ్రాసిన చిత్రము ఎక్స్.సి.ఎఫ్. అను రూపమున భద్రపరుపబడును. ఆ మూడక్షరములు ఆ సంఘపు పేరునుండి వచ్చినవే. లక్షలకొలది చిత్రకారులు దినదినము ఆ పేరును తమ దస్త్రముల తోకకు తగిలించుచు, దాని పుట్టుక నెరుగకున్నారు.

మొదటి గింపునకు ఒక లోపము కలదు. తెరపై గవాక్షములను, మీటలను చూపుటకు అది మోటిఫ్ అను పనిముట్ల సంపుటిపై ఆధారపడినది. మోటిఫ్ స్వేచ్ఛాసాధనము కాదు. దానిని కొనుక్కొననివాడు గింపు మూలరచన చేతనున్నను దానిని తాను నిర్మించుకొనలేకపోయెను. మూలరచన నిచ్చియు అది యంత్రముపై నడచు మార్గము నీయకపోయినచో, తాళము వేసిన పెట్టెలో పుస్తకము నిచ్చినట్లే. ఈ చిక్కు తొలగుటకై మాటిస్ తానే జి.టి.కె. అను మరియొక సంపుటిని రచించెను. చిత్రసాధనముకొరకై పుట్టిన ఆ సంపుటి పిమ్మట 1997లో ఆరంభమైన గ్నోమ్ అను సంపూర్ణ కార్యరంగమునకే పునాది అయ్యెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొన ప్రార్థన. తెలుగు లిపి ప్రసక్తి వచ్చినపుడు దీనిని మరల స్మరింతుము.

కింబాల్, మాటిస్ విద్య ముగించుకొని వెడలిపోయిన పిదప గింపు అనాథ కావలసినదే. మూలరచన అందరివద్ద నుండుటచే ఇతరులు పూని దానిని నడపిరి. 1998 జూనులో 1.0వ కూర్పు వెలువడినది. ఇంతలో, 1996లోనే, లారీ ఈవింగ్ అను ఆయన గింపుతో లినక్సునకు గుర్తుగా 'టక్స్' అను పెంగ్విను పక్షిని చిత్రించెను. దానిని ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, అయితే తన పేరును, గింపు పేరును అడిగినవారికి చెప్పవలెనని మాత్రమే ఆయన నియమము. చిత్రముల పంపకమునకై ప్రత్యేక లైసెన్సులు పుట్టుటకు ఆరేండ్లు ముందుగనే ఈ చిన్న వాక్యము ఆ పని చేసినది. ఇది మన ప్రబంధములందలి ఆశ్వాసాంత గద్యము వంటిది. కావ్యము ఎందరి చేత వ్రాయబడినను, ఏ యూరి భాండాగారమునకు చేరినను, గద్యము కర్త పేరును మోసికొని పోవును.

ఇతర సాధనములను సంగ్రహముగా ప్రస్తావింతుము. గీతలతో చిత్రించు ఇంక్‌స్కేపు 2003లో సోడిపోడి అను పూర్వసాధనమునుండి చీలి వచ్చినది. ఆ సోడిపోడికి గిల్ అను మరియొక రచన మూలము. ఇది వాడు ఎస్.వి.జి. రూపమును వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము 2001 సెప్టెంబరులో ప్రమాణముగా నంగీకరించినది. ఈ రూపమునందలి చిత్రము పాఠమువలె చదువదగినది. రెండు కూర్పులను పంక్తికి పంక్తి సరిచూచి ఎచట ఏ గీత మారినదో చెప్పవచ్చును. పాఠపరిష్కరణమున శ్రమించినవారికి దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. వర్ణచిత్రణమునకు ప్రసిద్ధమైన క్రీటా 1999లో వేరు పేరుతో ఆరంభమై, 2009 ప్రాంతమున చిత్రకారుల సాధనముగా తన మార్గమును నిర్ణయించుకొన్నది. క్రీటా యనగా స్వీడిషు భాషలో సుద్దకణిక, రంగుబలపము; దాని నిర్మాతలు మహాభారతమునందలి 'కృత' శబ్దమును గూడ తమకు ప్రేరణగా పేర్కొనియున్నారు. వారు దానికి పరిపూర్ణమను అర్థమును గ్రహించిరి. కృతయుగమను సమాసమున ఆ భావము లేకపోలేదు గాని, చేయబడినది అను ధాత్వర్థమే చిత్రసాధనమునకు మరింత పొసగునని మాకు తోచుచున్నది.

ఈ చరిత్రలో కేంద్రఘట్టము బ్లెండరు కథ. ఘనపరిమాణముగల రూపములను నిర్మించి వానిని చలింపజేయు ఈ సాధనమును నెదర్లాండ్సు దేశమున టాన్ రోసెండాల్ తన చలనచిత్రశాలయగు నియోజియో ఉపయోగమునకై 1990లలో నిర్మించెను. దానిని లోకమునకు అందించుటకై 1998లో నాన్ అను సంస్థ నెలకొల్పబడినది. 2000లో పెట్టుబడిదారులు దానికి 45 లక్షల యూరోలు సమకూర్చిరి. ప్రోగ్రాము వెల లేకయే లభించుచుండెను. ఆ సంవత్సరాంతమునకు రెండున్నర లక్షలకు పైగా వాడుకరులు నమోదైరి. కాని అమ్మజూపిన వస్తువులు చాలినంత అమ్ముడుపోలేదు. 2002 ఆరంభమున పెట్టుబడిదారులు సంస్థను మూసివేసిరి, బ్లెండరు అభివృద్ధి నిలిచిపోయినది.

ఇచట మేము పైన చేసిన పదవిభజన యొక్క ప్రయోజనము స్పష్టమగును. ఆ రెండున్నర లక్షలమందికి బ్లెండరు ఉచితముగనే లభించినది, స్వేచ్ఛగా లభింపలేదు. మూలరచన మూతపడిన సంస్థ ఆస్తిగా పెట్టుబడిదారుల చేతిలో నుండెను. చేతనున్న కూర్పు నడచినన్ని నాళ్లు నడచును. అందలి దోషమును దిద్దు హక్కు గాని, క్రొత్త యంత్రమునకు తగినట్లు మార్చు వీలు గాని ఎవరికిని లేదు. దానితో నిర్మించిన చిత్రములన్నియు ఆ సాధనముతోపాటు తెరువరాని దస్త్రములై పోవలసినదే.

రోసెండాల్ 2002లో బ్లెండర్ ఫౌండేషను అను లాభాపేక్షలేని సంస్థను స్థాపించి పెట్టుబడిదారులతో ఒప్పందము కుదుర్చుకొనెను. ఒక లక్ష యూరోలు చెల్లించినచో మూలరచనను విడుదల చేయుదురు. 2002 జూలై 18న చందాల సేకరణ ఆరంభమైనది. ఏడు వారములలో ఆ మొత్తము చేకూరినది. 2002 అక్టోబరు 13న బ్లెండరు జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద వెలువడినది. వెల లేకుండ లభించుచున్న వస్తువునకే జనులు చందాలెత్తి వెల చెల్లించిరి! వారు కొన్నది ప్రోగ్రామును గాదు, దానిపై అధికారమును. స్వేచ్ఛాసాధనములన్నియు దానధర్మములచే నడచు చవుక సరకులని తలచు విద్వాంసులు ఈ ఒక్క సంఘటనము నాలోచింపవలెను.

అదే సంవత్సరము డిసెంబరులో క్రియేటివ్ కామన్సు సంస్థ తన తొలి లైసెన్సులను ప్రకటించినది. సాఫ్ట్‌వేరునకు జనరల్ పబ్లిక్ లైసెన్సు ఎట్లో, చిత్రములకు, సంగీతమునకు, రచనలకు ఇవి అట్లు ఉపయోగపడినవి. సాధనమును, చిత్రమును స్వేచ్ఛగా నీయగల ఏర్పాటులు రెండును ఇట్లు రెండుమాసముల వ్యవధిలో సిద్ధించినవి. ఇది యాదృచ్ఛికమే. కాని నాలుగేండ్లు తిరుగక ముందే రెండింటిని జతపరచిన కృతి వెలువడినది. అది 'ఎలిఫెంట్స్ డ్రీమ్' అను సుమారు 11 నిమిషముల చలనచిత్రము. బస్సాం కుర్దాలి దర్శకత్వమున కొద్దిమంది కళాకారులు ఆమ్‌స్టర్‌డాములో గూడి దీనిని బ్లెండరుతో నిర్మించిరి. 2006 మార్చి 24న అచటనే తొలిప్రదర్శనము జరిగెను. ముందుగా డి.వి.డి.లు అమ్మి వ్యయమున కొంత రాబట్టిరి. చిత్రమునందలి కథ దుర్బోధము. దానిని మెచ్చినవారికన్న అర్థము కాలేదన్నవారే ఎక్కువ. మా అభిప్రాయమును అదియే. అయినను దాని చారిత్రకప్రాధాన్యము కథలో లేదు. చిత్రముతోపాటు దానిని నిర్మించిన దస్త్రములన్నియు, పాత్రల అస్థిపంజరములు మొదలు ఉపరితలముల వర్ణముల వరకు, కర్తలను పేర్కొనవలెనను నియమముతో లోకమునకు ఈయబడినవి. విద్యార్థి ఆ దస్త్రమును తెరచి, పాత్ర చేయి ఎట్లు వంగినదో చూచి, తానే వంచి చూడగలిగెను. చిత్రనిర్మాణమున కలిగిన అవసరములను బట్టి సాధనమునకును క్రొత్త అంగములు చేరినవి. పిమ్మట 2008లో 'బిగ్ బక్ బన్నీ', 2010లో 'సింటెల్', 2012లో 'టియర్స్ ఆఫ్ స్టీల్' ఇదే మార్గమున వచ్చినవి.

సాధనము స్వేచ్ఛయైనంత మాత్రమున దానితో చేసిన చిత్రమును స్వేచ్ఛగా నీయవలెనని లేదు. లాట్వియా దేశీయుడగు గింట్స్ జిల్బలోడిస్ దర్శకత్వమున బ్లెండరుతో నిర్మింపబడిన 'ఫ్లో' 2024లో కాన్ ఉత్సవమున ప్రదర్శింపబడి, 2025 మార్చిలో ఉత్తమ యానిమేషను చిత్రముగా ఆస్కారు బహుమానమును పొందినది. ఆ చిత్రముపై హక్కులు సాధారణరీతిగనే నిర్మాతలవి. దీనికి విపర్యయమైన ఉదాహరణము మన రామాయణకథకు సంబంధించినది. అమెరికాకు చెందిన నీనా పేలీ సీతాకథను తన జీవితమునందలి వియోగముతో జోడించి, నీడబొమ్మలను వ్యాఖ్యాతలుగా నిలిపి, 2008లో 'సీతా సింగ్స్ ది బ్లూస్' అను చిత్రమును నిర్మించెను. 1920ల చివర ఆనెట్ హాన్షా పాడిన పాటలను అందు వాడగా, వాని రచనాహక్కులు గలవారికి రుసుము చెల్లింపవలసి వచ్చినది. ఈ అనుభవముచే ఆమె హక్కుల బంధమునే నిరసించి, 2009లో చిత్రమును క్రియేటివ్ కామన్సు లైసెన్సు క్రిందను, 2013లో ఏ నియమమును లేకుండను లోకమునకు విడిచెను. చిత్రము సంపూర్ణముగా స్వేచ్ఛను పొందినది. కాని దానిని నిర్మించిన ఫ్లాషు సాధనము ఒక వ్యాపారసంస్థ సొత్తు. బ్రౌజరులలో ఫ్లాషు చిత్రములను చూపు ప్లేయరునకు 2020 డిసెంబరుతో ఆ సంస్థ స్వస్తి చెప్పినది. చలనచిత్రముగా రూపొందినది గనుక సీతాకథను నేటికిని చూడగలుగుచున్నాము. ఫ్లాషు రూపముననే నిలిచిన పెక్కు కృతులకు ఆ భాగ్యము లేదు.

రెండు స్వేచ్ఛలును ఒక్కచో గూడిన కృతిగా ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ రెవోయ్ 2014లో ఆరంభించిన 'పెప్పర్ అండ్ క్యారట్' బొమ్మలకథను పేర్కొనవలెను. 'సింటెల్' చిత్రమునకు కళాదర్శకుడీయనయే. క్రీటాతో చిత్రించి, ఇంక్‌స్కేపుతో మాటలు పొదిగి, పొరలతో గూడిన మూలదస్త్రములను పాఠకుల కిచ్చుచున్నాడు. మాటలు చిత్రమున కలిసిపోక వేరుగ నుండుటచే ఏ భాషవారైనను వానిని మార్చుకొనవచ్చును; అట్లే అది పెక్కు భాషలలోనికి పోయినది. ఒక ఫ్రెంచి ప్రచురణసంస్థ దీనిని ముద్రించి విక్రయించినది. అందుకై కర్త అనుమతి అక్కరలేకయే పోయెను. అంగీకరించిన లైసెన్సే అనుమతి.

ఇక తెలుగు విషయము. చిత్రమున తెలుగు అక్షరమును పొదుగుట చిరకాలము కష్టసాధ్యముగా నుండెను. 1991లో వెలువడిన యూనికోడు తొలికూర్పుననే తెలుగునకు స్థానము లభించినను, సంకేతమున్నంత మాత్రమున ఒత్తులు, గుణింతములు తమ తావుల నమరవు. ఆ పని చేయుటకు జి.టి.కె. పరివారమున పాంగో అను సంపుటి పుట్టినది. సర్వమను గ్రీకు పదమును, భాషయను జపాను పదమును కలిపి ఆ పేరు కూర్చిరి. సంస్కృతమునను గోశబ్దమునకు వాక్కను అర్థము కలదు. 2004 మార్చిలో వెలువడిన గింపు 2.0 అక్షరరచనకు పాంగోనే ఆశ్రయించినది, ఇంక్‌స్కేపును అట్లే. బెర్కిలీలో మోటిఫును తప్పించుకొనుటకై ఒక విద్యార్థి చేసిన కృషి ఈ విధముగా క్ష్మా, స్త్రీ వంటి సంయుక్తాక్షరములకు తెరపై తావు కల్పించినది. ఆ విద్యార్థి తెలుగు నెరుగునని మేము తలపము.

మన ముద్రణాలయములలో అంతకుముందునుండి వాడుకలో నున్న ఖతులు రోమను అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను నిలిపినవి. ఆ ఖతి లేని కంప్యూటరుపై అట్టి దస్త్రమును తెరచినచో పోతన పద్యమైనను, పరిశోధనవ్యాసమైనను అర్థరహితమైన రోమను లిపి గుంపుగా కనబడును. 1990లనుండి ఈ రీతి కూర్చిన గ్రంథములు మనకు కోకొల్లలు. తాటియాకు శిథిలమగుటకు శతాబ్దములు పట్టును; వీనికి రెండు దశాబ్దములు చాలినవి. అచ్చుపుస్తకము మిగిలినది గాని, దాని మూలము చేజారినది.

ఈ స్థితిలో సిలికానాంధ్ర సంస్థ పక్షమున వెలువడిన యూనికోడు ఖతులు గమనింపదగినవి. పెద్దన, ధూర్జటి, తిమ్మన, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, సురవరం అని వానికి పేరులు. ప్రబంధకవులును, వారి భాషతో పేచీ పడిన గిడుగువారును ఒక్క జాబితాలో నిలుచుట వేడుకగనే యున్నది. వీనిలో పెక్కింటిని రూపొందించినవారు పురుషోత్ కుమార్ గుత్తుల. ఇవి ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద లభించుచున్నవి. చిత్రమున పొదుగవచ్చును, గ్రంథమున ముద్రింపవచ్చును, అక్షరరూపమును దిద్ది పంచవచ్చును; ఖతిని మాత్రము ఒంటిగా విక్రయింపరాదు. ఆ లైసెన్సున మరియొక నియమము కలదు. కర్త తన ఖతి పేరును తనకై ప్రత్యేకించుకొన్నచో, దానిని మార్చినవాడు తన కూర్పును ఆ పేరుతో పంచరాదు. వేరు పేరు పెట్టవలెను. మన లేఖకులకు ఈ నియమము లేకపోయినది. వారు పద్యములను చేర్చిరి, మార్చిరి, కవి పేరును మాత్రము యథాతథముగా నుంచిరి. వేమన మకుటముతో నున్న పద్యములలో వేమనవి ఏవో తేల్చుటకు బ్రౌను కాలమునుండి పండితులు ప్రతులు సరిచూచుచునే యున్నారు.