క్రిస్మస్ నాటికి ముగియవలసిన కుట్టుపని

మార్గశిరము సగము గడిచేసరికి విజయనగరము నుండి చీపురుపల్లి వైపు పోయే రైలుదారి పొడవునా రాత్రులు చల్లబడుతవి. ఆ దారిలోని ఊరే గరివిడి. ఈ ప్రాంతపు కోడూరులో 1892లో మాంగనీసు త్రవ్వకము మొదలైనందువలనను, 1950 దశాబ్దిలో గరివిడిలోనే ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారము వెలసినందువలనను, ఈ ఊరి పేరు ఖనిజముల లెక్కలలో తరచు కనబడుతుంది. కాని మేము ఇప్పుడు చెప్పబోయేది ఖనిజమును గురించి కాదు, సూదిని గురించి. వరికోతలు, నూర్పులు, ధనుర్మాసపు ముగ్గులు, క్రైస్తవుల ఇండ్ల ముంగిట వెలిగే నక్షత్రదీపము, ఇవన్నియు ఒక్క నెలలో వచ్చిపడతవి. మడిచి పెట్టిన బొంత బయటికి వచ్చేది కూడ ఆ నెలలోనే.

బొంత అంటే తెలియని తెలుగువారు లేరు. అయినను బొంతకు చరిత్ర ఉన్నదని తలచినవారు తక్కువ. ‘అతుకుల బొంత’ అనే మాటను మనము నిందగానే వాడుతున్నాము. నిలకడలేని మంత్రివర్గమును, ఒకచోట ఒకటి మరొకచోట మరొకటి తెచ్చి కూర్చిన గ్రంథమును ఆ మాటతోనే తీసివేస్తాము. ఆ మాట పుట్టించినవారు బొంత కప్పుకొని పడుకొన్నవారే గాని కుట్టినవారు కారని మా అనుమానము. సంస్కృతములోని ‘కంథ’ ఇదే. వంగదేశమున ఆ పేరుతోనే పాత చీరల పొరలను కుట్టి, చీర అంచులనుండి లాగిన రంగుదారములతో పూవులను, చేపలను, ఏనుగులను దిద్దినారు. వాటికి నేడు ప్రదర్శనశాలలలో చోటు దొరికినది. మన బొంతకు ఆ గౌరవము దక్కలేదు. మన బొంతలో బొమ్మలు లేవు. ఉన్నది వరుస మాత్రమే. నేలమీద పాతచీరను పరచి, దానిపై చిరిగిన పంచెలు, దుప్పటిముక్కలు సర్ది, పైన మరొక చీర కప్పి, కదలకుండ అంచులమీద బరువులు పెట్టి, ఇద్దరు ముగ్గురు ఆడవారు కూర్చుని పెద్ద సూదితో వరుస వెంబడి వరుసగా కుట్టుకొంటూ పోతారు. పొరలు ఎక్కడ జారినను అక్కడ ముడత పడుతుంది. ముడత పడినచోటనే మొదట చిరుగుతుంది. కుట్టు బిగువుగా ఉంటే గట్టిపడి ఒంటికి ఒత్తుకొంటుంది, వదులుగా ఉంటే ఉతికినప్పుడు లోపలి గుడ్డ ఉండకడుతుంది. ఆ రెంటికి నడుమ ఉండే కొలత చేతికి తెలియవలసినదే గాని నోటితో చెప్పగలిగినది కాదు.

బొంతకు ఎవరును గడువు పెట్టరు. పొలముపని లేని మధ్యాహ్నములలో కొంత, ఇంట బిడ్డ పుట్టబోతున్నప్పుడు కొంత, అలా సాగి, చలి వచ్చేలోపల ఎప్పుడో ముగుస్తుంది. పొరుగు కన్నడదేశపు సిద్దీ స్త్రీలు కుట్టే ‘కవంది’కి నాలుగు మూలలను గుడ్డమడతల పూవులు పెట్టనిదే అది పూర్తికాదు; పూవులేని బొంత దిగంబరముగా ఉన్నట్లేనని వారంటారు. ముగింపు అనేది కుట్టేవారి మనస్సులో ఉన్న సంగతి అన్నమాట. ఇది గుర్తుంచుకొనవలెను, ఏమనగా తరువాత మేము చెప్పబోయే పనిలో ముగింపు మరొకరి పంచాంగమున ఉన్నది.

ఉత్తరాంధ్రలో క్రిస్మస్ పండుగ ఊరూరికి పాకిన కథలో కెనడా బాప్టిస్టు మిషనుది పెద్దపాలు. 1875 మొదలుకొని వారు భీమునిపట్నములోను, పిమ్మట బొబ్బిలి, శ్రీకాకుళము, విజయనగరము మొదలైన చోట్లను స్థిరపడి బడులు, వైద్యశాలలు నడిపినారు. వారి వెనుక ఉన్న ధనము ఎక్కడిదని చూస్తే అందులో సూది కనబడుతుంది. 1870లో నోవాస్కోషియాలో హన్నా మారియా నోరిస్ అనే ఉపాధ్యాయిని ఊరూరు తిరిగి స్త్రీల మిషను సహాయసంఘములను నెలకొల్పినది. ఈమెయే తరువాత వివాహమై, ఆర్మ్‌స్ట్రాంగ్ దొరసానిగా కొన్ని సంవత్సరములు మన శ్రీకాకుళమున పనిచేసినది. ఇటువంటి స్త్రీల సంఘములకు ఆ కాలమున ఉత్తర అమెరికా అంతటను పొత్తుగా కూర్చుని క్విల్టులు కుట్టుట పరిపాటి. క్విల్టు అనగా మన బొంతయే. అయితే అక్కడి చలికి తగినట్లు నడుమ దూదిపొర ఉంటుంది. వారిలో ఒక చక్కని పద్ధతి ఉండేది. ఊరివారు తలా కొన్ని సెంట్లు చందా ఇస్తే, ఇచ్చినవారి పేరును క్విల్టుమీద దారముతో కుట్టేవారు. చందా దూరదేశపు పనికో, ఊరి చర్చికో పోయేది. పేరు గుడ్డమీద మిగిలేది. అట్టి పేర్ల క్విల్టులను చూచి నేటికిని అక్కడివారు తమ ముత్తవ్వలను గుర్తుపడుతున్నారు.

బొంత మీద మాత్రము పేరు లేదు. ఇంటివారికి అక్కర కూడ లేదు. ఎర్రముక్క అమ్మమ్మ పెండ్లిచీరదనియు, గళ్ళముక్క తాత పంచెదనియు చూడగానే తెలుస్తుంది. చిక్కు ఎక్కడ వచ్చినదంటే, సూదిపని ఇల్లుదాటి ఓడ ఎక్కినప్పుడు. అందుకు మనము గరివిడి నుండి అదే రైలుదారిన దక్షిణముగా గోదావరి దాకా పోవలసి ఉన్నది.

నరసాపురమునకు 1830 దశాబ్దిలో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో కూడ వచ్చినారు. వారు ఇంగ్లండులోని డెవన్ సీమవారు. హోనిటన్ లేసు పుట్టినది ఆ సీమలోనే. 1840లో విక్టోరియా రాణి పెండ్లివస్త్రమునకు లేసు అల్లినదియు ఆ సీమ స్త్రీలే. అయినను గోదావరి డెల్టాకు లేసు నేర్పిన ఖ్యాతి వీరికి దక్కలేదు. 1844 ప్రాంతమున మెక్రే అనే స్కాట్లండు దంపతులు క్రైస్తవులైన పేద స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పినారని చెప్పుకొంటారు. కాటన్ దొర ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని మొదలుపెట్టినది 1847లో గనుక, డెల్టాకు కాలువనీటికంటె ముందే లేసు వచ్చినదన్నమాట. తరువాతి కాలమున భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెములో కెయిన్ దొరసాని కూడ ఈ పనిని సాగించినది. మొదట అల్లినవి మిషనరీల స్నేహితులకు కానుకలుగా సముద్రము దాటినవి. అక్కడివారు మెచ్చి డబ్బు పంపినారు. ఇరువదవ శతాబ్ది ఆరంభము నాటికి కానుక పోయి వ్యాపారము మిగిలినది.

ఈ వ్యాపారమునకు పెద్ద గిరాకీ పాశ్చాత్యుల క్రిస్మస్. బల్లమీద పరచే గుడ్డ, పళ్ళెము క్రింద వేసే గుండ్రని గుడ్డ, చెట్టుకు వ్రేలాడగట్టే తెల్లని నక్షత్రము, ఇవి డిసెంబరునాటికి అక్కడి అంగళ్ళలో ఉండవలెను. ఓడ ప్రయాణము, సుంకపు కార్యాలయము, టోకు వర్తకుని గిడ్డంగి, వీటన్నిటికిని పట్టే వారములను వెనుకకు లెక్కించి చూడండి. ఊహించని చోటికి చేరుకొంటాము. డిసెంబరు పండుగకు అల్లిక శ్రావణ భాద్రపదములలోనే ముగియవలెను. అనగా లేసు అల్లే ఇంటికి క్రిస్మస్ తొందర వచ్చేది నడివానకారులో.

ఇందులోని కష్టము లేసు అల్లనివారికి వెంటనే తెలియదు. లేసు విలువ దాని తెలుపులో ఉన్నది. తడిచేతి చెమట, దీపపు మసి, గోడచెమ్మ, ఏది తగిలినను నూలు మాసిపోతుంది. అల్లినదానిని ఉతికి, గంజిపెట్టి, సాగదీసి ఆకారము నిలిపి ఆరబెట్టవలెను. ఎండలేని దినములలో ఆరకపోతే వాసన పట్టుతుంది, మచ్చ పడుతుంది. మచ్చపడిన సరకును వర్తకుడు తిరుగగొట్టితే నష్టము మరల అల్లినవారిదే. నాట్లకాలమున పగలు పొలములోనుండి వచ్చిన స్త్రీ రాత్రి తెల్లనూలు ముట్టుకొనుట ఎట్లో ఆలోచించండి.

జర్మను దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1970 దశాబ్ది చివరలో నరసాపురము వచ్చి ఈ స్త్రీల నడుమ మెలగి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఈ పనిలో అప్పటికే లక్షకు పైగా స్త్రీలు ఉన్నారని అంచనా. ఆమె గమనించిన పనివిభజన మా ప్రస్తుత విషయమునకు చాల అవసరము. పువ్వులను, ముక్కలను అల్లేవారిది ‘చేతిపని’. వాటిని కలిపి పెద్దగుడ్డగా చేసేవారిది ‘అతుకుపని’. ఒక బల్లగుడ్డలో ఎందరో స్త్రీల పువ్వులు ఉంటవి. ఆ పువ్వులు అల్లినవారు గుడ్డ పూర్తియైనప్పుడు చూడనే చూడరు. అతికినవారు చూస్తారు గాని అది ఏ ఇంటిలో పరచబడుతుందో వారికిని తెలియదు. దళారి నూలు తూచి ఇస్తాడు, అల్లిక తీసుకొని కూలి ఇస్తాడు. రోజు పొడవునా అల్లితే వచ్చినది ఆనాటి రూపాయికంటె తక్కువ. పొలమునకు పోయే కూలిస్త్రీకి అంతకంటె ఎక్కువే దొరికేది.

మరి పొలమునకే పోరాదా అని శ్రోతలలో ఎవరైన అడుగవచ్చును. ఘోషా మర్యాదను పాటించే కుటుంబముల స్త్రీలకు గడపదాటని సంపాదన అదొక్కటే. క్రైస్తవ స్త్రీలతో మొదలైన అల్లిక కాలక్రమమున కాపు కుటుంబములకు పాకినది ఆ కారణముచేతనే. ఇంటిలో కూర్చుని చేసినది గనుక అది పని కాదనియు, తీరిక వేళల కాలక్షేపమనియు ఇంటివారు, వర్తకులు, జనాభా లెక్కలవారు కూడ తలచినారు. మీస్ వాదములోని ముఖ్యాంశము ఇదియే. మేము దానిని అంగీకరిస్తున్నాము, ఒక్కమాట చేర్చుతున్నాము. ‘కుట్లు అల్లికలు’ అని పత్రికలలోను, మావంటివారి మహిళా కార్యక్రమములలోను ఏండ్ల తరబడి పెట్టిన శీర్షిక కూడ ఆ అభిప్రాయమునే పెంచినది. వంటలకు, చిట్కాలకు నడుమ ఆ శీర్షిక వచ్చేది. గడువులోపల ఓడకు అందించవలసిన సరకును గురించి దానిలో ఒక్క ముక్క ఉండేది కాదు.

2024లో నరసాపురపు లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించినది. యంత్రముపై అల్లిన చవక సరకు అంతటను నిండుతున్న కాలమున ఇది ఉపకారమే. కాని గుర్తింపు ఊరికి వచ్చినది. నోవాస్కోషియా క్విల్టుమీద చందా ఇచ్చినవారి పేరు కూడ ఉన్నది; ఇక్కడ మాత్రము అల్లినవారి పేరే లేదు. అతుకుపని చేసిన ఆమె పేరును గుడ్డ మూలన తెల్లదారముతోనే, కనబడీ కనబడనట్లు కుట్టితే కొనేవారికి వచ్చే నష్టమేమో మాకు బోధపడలేదు.

రానున్న ఏటి సరకు విషయమున ఇంకొక సంగతి. ఇంటిబట్టల వర్తకమునకు ప్రపంచమున పెద్దదైన సంత జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఏటేట జనవరిలో జరుగుతుంది. నమూనాలు చూచుట, బేరములు కుదుర్చుకొనుట ఆ దినములలోనే. గరివిడిలో నక్షత్రదీపము ఇంకను దింపకముందే, డెల్టా ఊళ్ళలో భోగిమంటలకు కట్టెలు చేరుస్తున్న సమయముననే, మరుసటి క్రిస్మస్ బల్లగుడ్డలకు ధర అక్కడ నిర్ణయమవుతుంది.