కొలువు, మరణం, కాలేజీ ఫీజు: ఉత్తరాంధ్రలో సైనిక, పోలీసు కుటుంబాల విద్యా రాయితీలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సైన్యంలోకీ పోలీసు శాఖలోకీ వెళ్లే యువకులు ఎక్కువే అయినా, వారి పిల్లల చదువుకు ప్రభుత్వం చేసే సాయం ఈ రెండు కొలువులకూ ఒకే కాలంలో, ఒకే తీరులో అందలేదు. తొలుత అందినది ఫీజు కాదు, సీటు. విజయనగరం రాజవంశీకుడు పి.వి.జి. రాజు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో 1962 జనవరి 18న సైనిక పాఠశాల ప్రారంభమైంది. ఇటువంటి పాఠశాలల్లో రక్షణ సిబ్బంది పిల్లలకు 25 శాతం సీట్లు కేటాయిస్తారు.

కాలేజీ ఫీజు ప్రస్తావన బంగ్లాదేశ్ యుద్ధంతో వచ్చింది. యుద్ధంలో మరణించిన, ఆచూకీ లేకుండా పోయిన, అంగవైకల్యం పొందిన సైనికుల పిల్లల ఫీజులను కేంద్రమే భరిస్తుందని 1971 డిసెంబరు 18న లోక్‌సభలో ప్రకటించగా, 1972 నుంచి అది అమలైంది. 2017లో ఈ సాయానికి నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టి, విమర్శలు రావడంతో మరుసటి ఏడాది దానిని ఎత్తివేశారు.

పోలీసుల సంగతి వేరు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద గిరిజనులపై భూస్వాముల పక్షం జరిపిన కాల్పుల తరువాత శ్రీకాకుళం ఏజెన్సీలో సాయుధ పోరాటం రగిలి, కొండల్లో పోలీసుల విధి ఇంచుమించు యుద్ధంగా మారింది. అయినా చట్టం దృష్టిలో అది శాంతిభద్రతల పనే కనుక యుద్ధ మృతుల రాయితీలు వారి కుటుంబాలకు వర్తించలేదు. 2006-07లో మొదలైన ప్రధానమంత్రి స్కాలర్‌షిప్, అంటే వృత్తివిద్య చదివే మాజీ సైనికుల పిల్లలకు నెలకింత చొప్పున లెక్కించి ఇచ్చే మొత్తం, కేంద్ర బలగాలకు విస్తరించినా రాష్ట్ర పోలీసుల దాకా రాలేదు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో మావోయిస్టుల దాడికి గ్రేహౌండ్స్ (ఆంధ్రప్రదేశ్ పోలీసుల నక్సల్ వ్యతిరేక ప్రత్యేక దళం) జవాన్లు పెద్దసంఖ్యలో బలయ్యాక కూడా రాష్ట్ర పోలీసులను ఆ పథకంలో చేర్చడానికి మరో పదకొండేళ్లు పట్టింది. 2019లో ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో మరణించిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు ఏటా 500 స్కాలర్‌షిప్‌లు కేటాయించి, నెలసరి మొత్తాన్ని బాలురకు 2,500, బాలికలకు 3,000 రూపాయలకు పెంచారు. అమెరికాలో ఫెడరల్ పోలీసుల పిల్లలకు 1996లో వచ్చిన ఇటువంటి సాయం రెండేళ్లకే రాష్ట్రాల, స్థానిక సిబ్బందికీ విస్తరించిందని గమనిస్తే ఇక్కడి జాప్యం అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్ వైద్యవిద్య ప్రవేశాల్లోనూ ఇదే తూకం కనిపిస్తుంది: సైనికుల పిల్లలకు 1 శాతం, పోలీసు అమరుల పిల్లలకు 0.25 శాతం. పోలీసుల విషయంలో ఈ రాయితీలు కొలువు కంటే మరణించిన తీరునే ఎక్కువగా చూస్తాయి. మంటలార్పుతూ మరణించిన అగ్నిమాపక ఉద్యోగి పిల్లలు 2019 నాటి విస్తరణ పరిధిలోకి రారు; బతికున్న కానిస్టేబుల్ పిల్లలకైతే మిగిలేది సాధారణ ఫీజు రీయింబర్స్‌మెంట్ మార్గమే గానీ, 2019-20లో 2.5 లక్షల రూపాయలకు పెంచిన దాని వార్షికాదాయ పరిమితి కూడా వారిలో చాలామందిని గుమ్మంలోనే ఆపేసింది.