చెఱువుకట్టపై హక్కు : ఒక పదచరిత్ర

కడపమండలమందలి పోరుమామిళ్ల తటాకశాసనము క్రీ.శ. 1369 నాటిది. చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములును, రెండేండ్లపాటు వేయిమంది కూలివాండ్రును నూరు బండ్లును పనిచేయుటయు అందు చెప్పబడినవి. దానిని త్రవ్వించిన భాస్కరుడు బుక్కరాయల కుమారుడు. జలదానపుణ్యమే ఆ రచనకు ప్రాణము. తటాకము సప్తసంతానములలో నొకటి గదా.

చెఱువును త్రవ్వించినవారికో, బాగుచేయువారికో లభించిన దశబంధమాన్యము వేఱు విషయము. మాన్యము ననుభవించువాడు కట్టను కాపాడవలెను. అనుభవమును బాధ్యతయు అక్కడ ఒకే మాటలో ఇమిడియున్నవి. నీరు పంచువానికి కళ్లమున ముట్టిన 'మేర' యు ఇట్టిదే.

'హక్కు' అరబ్బీపదము, పారసీకము, ఉర్దూల మీదుగా మనకు చేరినది. హిందీలో 'అధికార' శబ్దము నేడు హక్కును దెల్పును. తెలుగున నది పెత్తనముగనే నిలిచినది. పెత్తనపు వాసన సోకని మాట కొఱకే తెలుగువారు హక్కును విడువక పట్టుకొని రని మాకు తోచుచున్నది.

మన్రో గవర్నరుగా నున్న కాలమున (1820-27) మద్రాసు రాజధానిలో రైత్వారీ స్థిరపడినది. పట్టా ఒక్కొక్క రైతు పేర వెలసెను. కట్ట మాత్రము అందఱిదిగనే యుండెను. పొరుగురైతుతో తేల్చుకొనవలసిన తగవు కచేరికి అర్జీగా పోజొచ్చెను. 1858 నాటి ఒకటవ చట్టము ఆచారముగా సాగిన మరామతు శ్రమను నిర్బంధవిధిగా మార్చినది. చట్టముతో ఈడ్చవలసివచ్చిన సహకారమును సహకార మనుట ఎట్లు?

అయినను పూర్వస్థితిని ఊరక పొగడుట మాకు సమ్మతము గాదు. పోరుమామిళ్ల శాసనమున రాజకుమారునికి పేరు కలదు, మట్టి మోసిన వేయిమందికి సంఖ్య మాత్రమే కలదు. పుణ్యభాషలో వారు అడుగదగిన దేదియు లేదు. హక్కుభాషలో, కనీసము, అడుగుటకు వ్యాకరణ మేర్పడినది.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1997లో రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణచట్టము వచ్చినది. ఆ యేడే పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. మరామతు మరల ఊరివారి చేతికి వచ్చె నని పలువురు సంతసించిరి. అది కొంతవఱకు నిజమే. కాని 'వినియోగదారు' శబ్దార్థమును బట్టి చూచినచో చేపలు పట్టువాడును, బట్టలుదుకువాడును, పసులను నీటికి తోలువాడును వినియోగదారులే. సంఘమున ఓటు మాత్రము ప్రధానముగా ఆయకట్టు భూమిని బట్టి వచ్చినది.