సంస్థానపు అడవి, సర్వజనుల వనము

విశాఖపట్టణమునుండి ఉత్తరముగా పోవు జాతీయ రహదారి ప్రక్కను, సింహాచలపు కొండలకు పొరుగున, కంబాలకొండ యను అడవి కలదు. ఇప్పుడది 70 చదరపు కిలోమీటరులకు పైబడిన వన్యప్రాణి రక్షితారణ్యము. అందు కొంతభాగము ప్రజల విహారమునకై ఉద్యానముగా నేర్పరుపబడినది. సబ్బవరము, పెందుర్తి మొదలగు ఊళ్లవారికిని అది దూరము కాదు. ఈ అడవి యొకప్పుడు విజయనగర మహారాజుల యధీనమున నుండెనని అచ్చటికి పోవువారిలో నెందరెరుగుదురు? ఎరుగకున్న నేమి నష్టమని చదువరులు ప్రశ్నింపవచ్చును. నష్టము కలదు. ఒక సొత్తు తనచేతి కెట్లు వచ్చెనో తెలియనివాడు దాని నెట్లు నిలుపుకొనవలయునో యెరుగజాలడు.

1794 జూలై 10వ తేదీని పద్మనాభమువద్ద చిన విజయరామ గజపతిరాజు కుంపిణీ సేనతో పోరాడి నిహతుడయ్యెను. ఆ పోరునకు మూలము పేష్కషు బాకీ. పిమ్మట కుంపిణీవారు సంస్థానమును తగ్గించి యాతని కుమారుడగు నారాయణ గజపతికిచ్చిరి. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయము జరిగినప్పుడు 24 పరగణాలును, 1,157 గ్రామములును గల యీ జమీందారీకి ఏటేట 5 లక్షల రూపాయలు పేష్కషుగా విధింపబడెను. ఆ సొమ్ము చెల్లించినంతకాలము పొలముతోపాటు కొండయు, బీడును, చెరువును దొరవే. రైతు కట్టెలు తెచ్చుకొన్నను, పసులను మేపుకొన్నను అది వాడుకవలన జరిగినదే గాని పత్రములకెక్కిన హక్కు గాదు.

1908నాటి ఎస్టేటు భూముల చట్టము దున్నెడు నేలపై రైతుహక్కునకు బలమిచ్చెను. అడవిమీద దొరతనము సడలుటకు మఱి నలువదేండ్లు పట్టెను. 1948నాటి జమీందారీల రద్దు చట్టములోని మూడవ సెక్షను బంజరులు, పచ్చికబయళ్లు, అడవులు, గనులు, ఏరులు, చెరువులు సమస్తమును ప్రభుత్వపరము చేసెను. కాని చట్టము రానున్నదని తెలిసిన తోడనే, పోవుచున్న సొమ్మని, పెక్కుచోట్ల యజమానులు చెట్లను నఱికించి యమ్ముకొనసాగిరి. దానిని మాన్పుటకే 1949లో వేఱొక చట్టము చేయవలసివచ్చెను. ఏకఖండముగా నూఱెకరములకు మించిన ప్రైవేటు అడవిని కలెక్టరు అనుజ్ఞలేక అమ్మరాదు, కొట్టరాదు అని దాని సారము. కంబాలకొండ 1970 మార్చి 10వ తేదీనుండి అటవీశాఖ పాలనలోనికి వచ్చెను. దాని యొడిలోనే 1977లో 625 ఎకరముల జంతుప్రదర్శనశాల వెలసెను. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి తరువాత నీ యడవి రక్షితారణ్యమయ్యెను.

ఇట్టి చరిత్ర మనకే ప్రత్యేకము గాదు. లండను సమీపమునగల రిచ్‌మండు వనమును మొదటి చార్లెసు రాజు లేళ్లవేటకై 1637లో గోడపెట్టి మూసెను. నూఱేండ్లు దాటిన పిమ్మట అధికారిణియగు రాకుమారి అమీలియా సామాన్యుల రాకను అరికట్టగా, బీరు కాచి యమ్ము జాన్ లూయిసు అను నొక సామాన్య వర్తకుడు న్యాయస్థానమున కెక్కి 1758లో గెలిచెను. పాదచారులు గోడదాటి పోవుటకై నిచ్చెనమెట్లు అమర్చవలసివచ్చెను. ఆ తోట రాజుదే యయ్యును అందు నడచుట ప్రజల హక్కని యప్పుడు స్థిరపడెను.

మనయొద్ద జరిగినది దీనికి తలక్రిందు. అడవి ప్రజలదని చట్టము పలికెను గాని నడచుహక్కు సంగతి తేలలేదు. రుసుము చెల్లింపగలవానికి తలుపు తెఱచుకొనును; అదే కొండక్రింద కట్టెలమోపు నెత్తిన పెట్టుకొన్న పేదరాలు నేరస్థురాలగును. అట్లని కంచె తీసివేయుదమా? చుట్టును నగరము పెరుగుచున్న యీ కాలమున కంచెలేనిచో ఈపాటికి కొండ మిగిలియుండదు. అచ్చటి చిఱుతకును, కణుజునకును, దుప్పికిని వేఱుచోటు లేదు. ఆ చుట్టుపట్ల కొండలపై కురిసిన వాన ముడసర్లోవ జలాశయమును నింపును. ఆ నీరు నగరమే త్రాగును. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను వేలకొలది చెట్లను కూల్చినప్పుడు నీడయొక్క విలువ నగరవాసులందఱకును తెలిసెను.

కావున తలుపు మూయుటయు, తెఱచుటయు గాదు ప్రశ్న. కావలి యెవరిదన్నదే ప్రశ్న. 1992నుండి మన రాష్ట్రమున వన సంరక్షణ సమితులు కలవు. కొండక్రింది పల్లెలవారికి వానియందు పేరుమాత్రముగాక మాటయు, కూలియు, రాబడిలో పాలును ఉండవలెను. బడిపిల్లలకు రుసుము లేకుండ ప్రవేశ మీయవలెను. ద్వారముచెంత నీ చరిత్రమును తెనుగున పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. దొరకు మాఱు సర్కారు వచ్చినంతమాత్రమున అడవి ప్రజలది కాదు. దానివలన బ్రతుకును, దానికొఱకు బాధ్యతయు ప్రజలకు గలిగిననాడే 1948నాటి చట్టము సార్థకమగును.